నిద్ర మానిపించే రేడియో రికార్డులు ఇక ఆపండి: ఎఫ్.ఎం. యాజమాన్యాలకు, రికార్డు సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎఫ్.ఎం. స్టేషన్ల యాజమాన్యాలకు, అసోసియేషన్ ఆఫ్ రేడియో ఆపరేటర్స్ ఫర్ ఇండియా పెద్దలకు, కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖల అధికారులకు, రికార్డులు నమోదు చేసే సంస్థల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను చాలా ఏళ్ళు ఒక ఎఫ్.ఎం. స్టేషన్‌లో ప్రోగ్రామ్ ప్రొడ్యూసర్‌గా పనిచేశాను. ఒకే ఆర్‌జేని (రేడియో జాకీని) రోజుల తరబడి నిద్ర లేకుండా మైకు ముందు కూర్చోబెట్టి రికార్డు కోసం నడిపే ‘నాన్‌స్టాప్ మారథాన్ షో’ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. మా స్టేషన్‌లో అలాంటి షో ఒకటి జరిగాక యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చాను. పని గంటల సంగతి చూడాల్సిన కార్యాలయంలో అర్జీ పెట్టాను. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఈమెయిల్ పంపాను. యాజమాన్యం ‘పరిశీలిస్తాం’ అన్నది. మిగతా రెండు చోట్ల నుంచి ఆ మాట కూడా రాలేదు. ఇప్పుడు మరో స్టేషన్ ఇంకా ఎక్కువ గంటల షోకి సన్నాహాలు చేస్తోందని తెలిసింది. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ఈ పోటీకి అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని తెలుసుకోకుండానే మన దగ్గర ప్లాన్లు వేస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1959 జనవరిలో న్యూయార్క్‌లో పీటర్ ట్రిప్ అనే డిస్క్ జాకీ టైమ్స్ స్క్వేర్‌లో ఒక గాజు గదిలో కూర్చుని 201 గంటలు మేలుకున్నాడు. పోలియో మీద పనిచేసిన ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ సంస్థకు విరాళాలు సేకరించడం దాని ఉద్దేశం. దారిన పోయేవాళ్ళు అద్దంలోంచి చూసేవాళ్ళు, డాక్టర్లు పక్కనే ఉండి పరీక్షలు చేసేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ అతనికి చిరాకు పెరిగింది, చుట్టూ ఉన్నవాళ్ళ మీద అరిచాడు, తర్వాత లేనివి కనిపించడం మొదలైంది. బూట్లలో సాలెగూళ్ళు ఉన్నాయన్నాడు. చివరి రోజుల్లో నిద్ర రాకుండా ఉత్తేజక మందులు ఇచ్చారు. ఆఖరికి తనను పరీక్షించబోయిన డాక్టర్‌ని చూసి, తనను పాతిపెట్టడానికి వచ్చిన మనిషి అనుకుని భయంతో పారిపోబోయాడు.

ఇంత జరుగుతున్నా, రోజూ తన ప్రోగ్రామ్ టైముకి మాత్రం మైకు ముందు దాదాపు మామూలుగానే మాట్లాడాడు! నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. ఏళ్ళ తరబడి చేసిన పని కాబట్టి ఆ కాసేపు గొంతు దానంతట అదే నడిచిపోతుంది. రేడియోలో వినేవాళ్ళకు గొంతు ఒక్కటే తెలుస్తుంది. కళ్ళు ఎలా ఉన్నాయో, చేతులు ఎలా వణుకుతున్నాయో తెలియదు. ‘ఆర్‌జే హుషారుగానే ఉన్నాడు కదా, వాయిస్‌లో ఏ తేడా లేదు కదా’ అని స్టేషన్ వాళ్ళు చెప్పే మాటకు ట్రిప్ కథే జవాబు. గొంతు బాగుంది కాబట్టి మనిషి బాగున్నాడని అనుకోవడానికి వీల్లేదు.

మా స్టేషన్‌లోనూ నేను చూసింది ఇదే. మూడో రాత్రి మా ఆర్‌జే ఒక కాలర్‌తో సరదాగా మాట్లాడి, పాట వేసి, ‘కాలర్‌ని ఎందుకు కలపడం లేదు?’ అని నా మీద కోప్పడ్డాడు. ఆ కాల్ అప్పుడే అయిపోయిందని చెబితే నమ్మలేదు. అదే సమయంలో వాట్సాప్‌లో శ్రోతల నుంచి ‘సూపర్ అన్నా, కుమ్మేయ్’ అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకు వినబడింది చక్కటి షోనే.

ట్రిప్‌తో ఇది ఆగలేదు. హొనొలులులో టామ్ రౌండ్స్ అనే మరో డీజే 260 గంటలు మేలుకున్నాడు. ఆ 260ని దాటాలని 1963 డిసెంబర్‌లో శాన్ డియెగోలో ర్యాండీ గార్డనర్ అనే 17 ఏళ్ళ హైస్కూల్ విద్యార్థి సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుగా నిద్ర మానేసి, 264 గంటల దాకా వెళ్ళాడు. అప్పట్లో అతను బాగానే కోలుకున్నాడని రాశారు. పెద్ద వయసులో భరించలేనంత నిద్రలేమితో బాధపడ్డానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. దానికి ఇదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనడం లేదు. నేను అడిగేది వేరు: రేడియో వాళ్ళు పెట్టిన రికార్డు వెంట ఒక స్కూలు పిల్లవాడు పరుగెత్తాడా లేదా? మన శ్రోతల్లో స్కూలు పిల్లలు లేరా?

మనిషి ఎంతసేపు నిద్ర లేకుండా ఉండగలడన్న రికార్డును ప్రమాదకరమని గిన్నిస్ సంస్థ 1997 నుంచి పర్యవేక్షించడం మానేసింది. మంచి నిర్ణయం. కానీ ‘సుదీర్ఘ మారథాన్’ల విభాగం మిగిలే ఉంది. వాటిలో సాధారణంగా ఉండే నియమం ప్రకారం పూర్తయిన ప్రతి గంటకూ 5 నిమిషాల విరామం, కావాలంటే ఆ నిమిషాలను కూడబెట్టుకోవచ్చు. లెక్క వేయండి. 24 గంటలకు 2 గంటలు. 100 గంటల షోకి మొత్తం 8 గంటల 20 నిమిషాలు. నాలుగు రోజులకు పైగా సాగే పనిలో తిండి, బాత్రూం, స్నానం, నిద్ర అన్నీ అందులోనే. వద్దనుకున్న రికార్డే పేరు మార్చుకుని నడుస్తోందని నేనంటే అది తప్పవుతుందా?

ఈ గంటలు తగ్గడం ఉండదు, పెరగడమే. 2003లో కెనడాలో సురేష్ జోకిమ్ ఒక తమిళ రేడియోలో 120 గంటలు చేశారు. 2006లో ఇటలీలో స్టెఫానో వెన్నేరి 125 గంటలు చేశారు. 2015లో నెదర్లాండ్స్‌లో గీల్ బేలెన్ 198 గంటల దాకా వెళ్ళారు. రికార్డు అనే పేరు పెట్టాక తర్వాతివాళ్ళు అంతకు ముందున్న అంకెను దాటి తీరాలి. మన దగ్గర మొదలుపెట్టే స్టేషన్ కూడా ఆ అంకె దగ్గరే మొదలుపెడుతుంది.

విశ్రాంతి తీసుకుంటే శిక్ష పడే పద్ధతి కూడా ఇందులో ఉంది. 2023లో లాగోస్‌లో హిల్డా బాసి అనే వంట కళాకారిణి 100 గంటలు వండినా, ఒక విరామంలో పొరపాటున ఎక్కువ నిమిషాలు తీసుకున్నారని ఆమెకు 93 గంటల 11 నిమిషాలే లెక్కలోకి వచ్చాయి. అది రేడియో కాదు, నిజమే. మారథాన్ నియమం మాత్రం ఇదే. ఒళ్ళు ఆగమంటున్నా కునుకు తీస్తే ఇన్ని గంటల కష్టం పోతుందన్న టెన్షన్‌తో మనిషి ఎలా ఆలోచిస్తాడో ఊహించండి. పైగా ఈ ప్రయత్నాలకు సాక్షులుగా కూర్చునేవాళ్ళు నాలుగు గంటలకు మించి ఒకే షిఫ్టులో ఉండకూడదు. చూసేవాళ్ళు అలిసిపోతే లెక్క తప్పుతుందని ఆ జాగ్రత్త. చూసేవాళ్ళకున్న ఈ పాటి రక్షణ చేసేవాళ్ళకు ఎందుకు లేదు?

ఇక దీనివల్ల మామూలు మనుషులకు జరిగే నష్టం:

1. ఆర్‌జే ఒంటికి, రోడ్డు మీద అందరికీ ప్రమాదం. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని, 24 గంటలకు అది 0.10 శాతంతో సమానమవుతుందని 1990ల నుంచి పరిశోధకులు చెబుతున్నారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఒక్క రోజు నిద్ర లేకపోతేనే ఆ హద్దుకు మూడింతలు దాటినట్టు. నాలుగైదు రోజులు మేలుకున్న ఆర్‌జేకి పూలదండ వేసి, కేక్ కట్ చేయించి, ఫొటోలు తీసి, ‘ఇక ఇంటికి వెళ్ళి రెస్ట్ తీసుకో’ అని పంపిస్తారు. మా ఆర్‌జే ఆ రాత్రి బైక్ తాళం చేతిలో పట్టుకుని పార్కింగ్‌లోకి దిగాడు. సెక్యూరిటీ గార్డు ఆపి ఆటో ఎక్కించాడు. ఆ పని చేయమని ఏ పేపర్ మీదా రాసి లేదు. శనివారం రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ పట్టుకునే పోలీసుల మిషన్‌లో నిద్రమత్తు పడదు. ఎదురుగా వచ్చే స్కూటర్ మీది కుటుంబానికి ఆ రెండు మత్తులకూ తేడా ఏముంటుంది?

2. ‘ఇష్టపూర్వకంగానే చేశాడు’ అన్న మాట. మన ఎఫ్.ఎం. స్టేషన్లలో చాలామంది ఆర్‌జేలు కాంట్రాక్టు మీద పనిచేస్తారు. కాంట్రాక్టు రెన్యువల్ ముందు స్టేషన్ హెడ్ పిలిచి, ‘నీకు నేషనల్ లెవెల్ పేరు వస్తుంది, చేస్తావా?’ అంటే కాదనగలిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? కాదంటే ఇంకొకరికి ఇస్తారు, మార్నింగ్ షో కూడా వాళ్ళకే వెళ్తుంది. ఊర్లో అమ్మానాన్నలకు డబ్బు పంపాలి, రూమ్ అద్దె కట్టాలి. అలాంటి చోట పెట్టిన సంతకాన్ని ఇష్టం అనడం న్యాయం కాదు. ఒకవేళ మొదటి రోజు నిజంగానే ఇష్టపడి మొదలుపెట్టాడనుకున్నా, మూడో రోజుకు ఆపాలో వద్దో నిర్ణయించుకునే తెలివి నిద్రలేమే లాగేసుకుంటుంది. తాను ఎంత అలిసిపోయాడో తెలియకపోవడం నిద్ర చాలని మనిషి లక్షణాల్లో ఒకటి.

3. రికార్డు కాగితం మీద ఒక్క పేరే ఉంటుంది. ఆ గంటలన్నీ మేలుకునేవాళ్ళు మాత్రం ఎక్కువమంది. కన్సోల్ దగ్గర సౌండ్ ఇంజనీర్, కాల్స్ తీసే ట్రైనీలు, లాగ్ బుక్ రాసేవాళ్ళు, వీడియో తీసేవాళ్ళు, టీలు తెచ్చే ఆఫీస్ బాయ్, మాల్‌లో షో పెడితే అక్కడి నుంచి ప్రసారం చేసే ఓబీ వ్యాన్ డ్రైవర్, గార్డు. వీళ్ళకు డబుల్ డ్యూటీ వేశారు, ఓవర్‌టైమ్ మాట ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర ఒక ట్రైనీ అమ్మాయి రెండో రాత్రి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె గురించి షోలో ఒక్క మాట రాలేదు.

4. శ్రోతల మీద పడే ప్రభావం. రేడియోని మన ఇంట్లో మనిషిలా వింటాం. అభిమాన ఆర్‌జే నిద్ర మానేసి గొప్పవాడైతే, ఇంటర్ పరీక్షల ముందు రాత్రంతా మేలుకునే పిల్లలకు, రాత్రి షిఫ్టులు చేసే క్యాబ్ డ్రైవర్లకు మనం చెబుతున్నది ఏమిటి? ‘పడుకోకపోవడం మగతనం, పట్టుదల’ అని. మారథాన్ మొదలయ్యాక దానికి తోడు శ్రోతలకూ పోటీలు పెడతారు: ఎవరు ఎక్కువసేపు మాతో మేలుకుంటే వాళ్ళకు ఫోన్ బహుమతి అని. రేడియో పెట్టే ఓర్పు పోటీలు ప్రాణం తీసిన ఉదాహరణ ఉంది. 2007 జనవరిలో అమెరికాలోని శాక్రమెంటోలో ఒక స్టేషన్, మూత్రానికి వెళ్ళకుండా ఎక్కువ నీళ్ళు తాగినవాళ్ళకు వీడియో గేమ్ మిషన్ ఇస్తామని పోటీ పెట్టింది. ఇలా తాగితే ప్రమాదమని ఒక శ్రోత లైవ్‌లోకి ఫోన్ చేసి హెచ్చరించినా పట్టించుకోలేదు. పోటీలో పాల్గొన్న 28 ఏళ్ళ మహిళ, ముగ్గురు పిల్లల తల్లి, అదే రోజు చనిపోయింది. పది మంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. 2009లో కోర్టు జ్యూరీ ఆ కుటుంబానికి కోటీ 65 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలన్నది. ఆ పిల్లలకు తల్లిని ఎవరు తెచ్చిస్తారు?

5. ‘మంచి పని కోసం చేస్తున్నాం.’ రక్తదానం కోసం, అనాథ పిల్లల కోసం, వరద బాధితుల కోసం అంటారు. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను, రేడియో ఆ పనులు చేయాలి. కానీ అందుకు ఒక మనిషి కుప్పకూలాల్సిన అవసరం లేదు. నెదర్లాండ్స్‌లో 2004లో మొదలైన ‘సీరియస్ రిక్వెస్ట్’ చూడండి. క్రిస్మస్‌కు ముందు ముగ్గురు డీజేలు ఊరి మధ్య గాజు ఇంట్లో ఆరు రోజులు ఉండి, రేయింబవళ్ళు ప్రసారం చేస్తూ, పాట కోరిన శ్రోతల నుంచి రెడ్‌క్రాస్‌కు విరాళాలు సేకరించారు. వాళ్ళు అన్నం మానేయడం నాకు నచ్చలేదు. కానీ ముగ్గురూ వంతులవారీగా పడుకునే ఏర్పాటు ఉంది. ప్రసారం ఆగలేదు, జనం గుమిగూడారు, విరాళాలు వచ్చాయి.

మన ఆకాశవాణికి ఈ పద్ధతి మొదటి నుంచీ తెలుసు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ప్రసారాలుగా విభజించి, డ్యూటీ మారిన అనౌన్సర్ వచ్చి కూర్చున్నాకే ముందు మనిషి లేచేవాడు. తుఫాను హెచ్చరికలు చదవాల్సిన రాత్రుల్లో కూడా డ్యూటీ చార్ట్ ఉండేది. ప్రాణాలు కాపాడే పనికే షిఫ్టులు ఉన్నప్పుడు, బిస్కెట్ కంపెనీ స్పాన్సర్ చేసిన షోకి ఎందుకు ఉండకూడదు?

చట్టం సంగతికొస్తే, మన దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం వారానికి 48 గంటల పని అంటుంది. 100 గంటల మారథాన్ అంటే రెండు వారాల పని కంటే ఎక్కువ, ఒకే ఊపులో. ‘ఇది పని కాదు, రికార్డు ప్రయత్నం’ అంటే ఒప్పుకోవడం కష్టం. షో మధ్యలో వచ్చిన ప్రతి యాడ్‌కీ స్టేషన్ బిల్లు వేసింది. బిల్లు వేసినంతసేపూ అది పనే.

కాబట్టి నేను కోరుతున్నవి ఇవి.

ఎఫ్.ఎం. యాజమాన్యాలు ఇప్పటికే ప్లాన్ చేసిన ఒంటరి మారథాన్లను రద్దు చేయాలి, లేదా కనీసం నలుగురు ఆర్‌జేలు వంతులవారీగా చేసే రిలే షోగా మార్చాలి. ఒక ఆర్‌జే లైవ్‌లో ఉండే సమయం 8 గంటలు దాటకూడదు, ఆ తర్వాత కనీసం 11 గంటల విరామం ఇవ్వాలి. స్పెషల్ షో ముగిసిన రాత్రి ఆర్‌జేనీ, టెక్నికల్ సిబ్బందినీ, ట్రైనీలనూ స్టేషన్ బండిలోనే ఇంటికి చేర్చాలి. చేయనన్నవాళ్ళ కాంట్రాక్టు మీద ఆ కారణంగా దెబ్బ పడదని ముందే రాసివ్వాలి. ఓవర్‌టైమ్ డబ్బు ట్రైనీతో సహా అందరికీ ఇవ్వాలి.

అసోసియేషన్ ఆఫ్ రేడియో ఆపరేటర్స్ ఫర్ ఇండియా దీన్ని సభ్య స్టేషన్లన్నిటికీ నియమంగా పెట్టాలి. ఒక్క స్టేషన్ మానేస్తే పక్క స్టేషన్ చేస్తుందనే భయం అందరికీ ఉంది. ఆ భయం పోవాలంటే అందరూ ఒకేసారి మానాలి, అది మీ చేతుల్లోనే ఉంది.

సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ప్రైవేటు ఎఫ్.ఎం.లకు ఇచ్చే అనుమతి ఒప్పందంలో, సిబ్బందితో గానీ శ్రోతలతో గానీ నిద్ర, నీళ్ళు, తిండి మానిపించే పోటీలు నిర్వహించకూడదన్న షరతు చేర్చాలి. కార్యక్రమాల విలువల గురించి నియమాలు ఉన్నాయి, వాటిని తయారుచేసే మనుషుల గురించీ ఉండాలి.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు, ఇలాంటి షో గురించి హోర్డింగ్ కనబడిన రోజే ఆ స్టేషన్‌కు వెళ్ళి హాజరు పట్టీ, షిఫ్టు చార్ట్ చూడాలి. అర్జీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ‘110 గంటలు నాన్‌స్టాప్’ అని నగరమంతా బోర్డులు పెట్టినప్పుడు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రికార్డు సంస్థలకు ఒక్కటే విన్నపం. రోజుకు కనీసం ఆరు గంటల ఏకధాటి నిద్ర లేని ఏ ప్రయత్నాన్నీ నమోదు చేయకండి. ఒక్కరి మారథాన్ విభాగాన్ని మూసి, బృందాల విభాగాన్ని ఉంచండి. ఆపే అధికారం ఉన్న డాక్టర్ లేని ప్రయత్నానికి సర్టిఫికెట్ ఇవ్వకండి. డాక్టర్ ఆపమన్నప్పుడు ఆగినవాళ్ళ గంటలను రద్దు చేయకండి. మన దేశంలో ఫీజు తీసుకుని రికార్డులు ఇచ్చే సంస్థలు పెరిగాయి కాబట్టి ఈ మాట గిన్నిస్‌కి ఎంత వర్తిస్తుందో వాటికీ అంతే వర్తిస్తుంది.

ఆర్‌జే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీ ప్రతిభ మీ లింకుల్లో, అంటే పాటల మధ్య మీరు చెప్పే మాటల్లో ఉంది, పొద్దున్నే ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషిని నవ్వించే ఆ అర నిమిషంలో ఉంది. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది మీ ప్రతిభకు కొలత కాదు. స్టేషన్‌లో ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు ఇంట్లోవాళ్ళతో, ఒక డాక్టర్‌తో మాట్లాడండి. ఒంటరిగా కాదనడం కష్టమైతే టీమ్ అంతా కలిసి రిలే షో అడగండి.

ఈ లేఖ ప్రతులను పైన పేర్కొన్న కార్యాలయాలన్నిటికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సన్నాహాల్లో ఉన్న ఆ షో మొదలయ్యేలోగా, రద్దు చేస్తున్నారో, రిలేగా మారుస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను. జవాబు రాకపోతే, షిఫ్టు చార్టులతో, మా స్టేషన్‌లో పనిచేసిన సహోద్యోగుల వాంగ్మూలాలతో రెండు రాష్ట్రాల మానవ హక్కుల కమిషన్లకు ఫిర్యాదు చేస్తాను. వాంగ్మూలం ఇవ్వడానికి ఆ ట్రైనీ అమ్మాయి ఒప్పుకుంది. ఆ సెక్యూరిటీ గార్డు కూడా ఒప్పుకున్నాడు.

ఇట్లు,
ఒక మాజీ ఎఫ్.ఎం. ప్రోగ్రామ్ ప్రొడ్యూసర్,
హైదరాబాద్